ఎస్సెన్‌లో గుట్ట మీది బంగళా, వరంగల్‌లో లేని బంగళా

మా మేనల్లుడు జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు, ఎస్సెన్ అనే ఊళ్లో. మొన్న ఒక ఆదివారం వాట్సాప్‌లో పది పన్నెండు ఫోటోలు పంపి, నేను వాటిని తెరిచి చూసేలోపే వీడియో కాల్ చేశాడు. వెనకాల పెద్ద రాతి మేడ, దాని ముందు కిందికి జారిపోతున్నట్టున్న పచ్చిక, ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు చెట్లు. "మామా, మన దొరల గడి లెక్కనే ఉంది గని గోడ లేదు" అన్నాడు. అది క్రుప్ అనే ఉక్కు కంపెనీ యజమాని కట్టుకున్న ఇల్లట, పేరు విల్లా హ్యూగెల్. జర్మన్‌లో హ్యూగెల్ అంటే గుట్ట. మన భాషలో గుట్ట బంగళా అనుకోండి. కాసేపు అటూ ఇటూ తిప్పి చూపించాక వాడు ఒక మాట అడిగాడు: "మరి మన ఆజంజాహి మిల్లు ఓనరు బంగళా యాడుండె? అదేమైంది?"

నాకు జవాబు తట్టలేదు. ఆజంజాహి అంటే వరంగల్‌లో మూతపడ్డ పాత బట్టల మిల్లు. మా తాత ఆ మిల్లులో సాంచాల (మగ్గాల) మీద పనిచేసిన మనిషి. మిల్లు గేటు, సైరన్, షిఫ్టులు, జీతం రోజు గేటు బయట కాచుకుని కూర్చునే అప్పులవాళ్లు, ఇవన్నీ ఆయన నోట విన్నవే. కానీ ఓనరు ఇల్లు అన్న మాట ఆ కథల్లో ఒక్కసారి కూడా రాలేదు. అంత పెద్ద మిల్లు పెట్టినవాడికి ఊళ్లో ఇల్లు లేకుండా ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు ఎస్సెన్ బంగళా ఎందుకు కట్టారో, ఇన్ని యుద్ధాలూ అప్పులూ దాటుకుని అది ఇంకా ఎలా నిలిచిందో అర్థం కావాలి. దాని కథ నేననుకున్నంత సాఫీగా లేదు.

ఎస్సెన్ బొగ్గు మీద పెరిగిన ఊరు. మన గోదావరిఖని, మందమర్రి లెక్క, కాకపోతే వాటికంటే చాలా ముందు. 1811లో ఫ్రీడ్రిష్ క్రుప్ అనే ఆయన అక్కడ చిన్న ఉక్కు కార్ఖానా పెట్టి, అప్పుల్లో కూరుకుపోయి, 1826లో చనిపోయాడు. 14 ఏళ్ల కొడుకు ఆల్ఫ్రెడ్ చదువు మానేసి పనిలో దిగాడు. అప్పటికి పనివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1887లో ఆల్ఫ్రెడ్ కన్నుమూసేనాటికి ఆ లెక్క దాదాపు 20,000. క్రుప్ అనగానే అందరికీ ఫిరంగులు గుర్తొస్తాయి, అది తప్పు కాదు, కానీ మొదట పైసలు కురిపించింది రైలు చక్రాలు. చక్రం చుట్టూ బిగించే ఉక్కు పట్టాను అతుకు లేకుండా చేసే పద్ధతి ఆల్ఫ్రెడ్ 1850ల మొదట్లో కనిపెట్టాడు. అప్పటిదాకా అతుకు దగ్గర పట్టా పగిలి బండ్లు పట్టాలు తప్పేవి. రైల్వేలు అప్పుడప్పుడే ప్రపంచమంతా పాకుతున్న కాలం, ఆర్డర్లు వచ్చిపడ్డాయి. కంపెనీ గుర్తులో కనిపించే మూడు ఉంగరాలు ఆ చక్రాల పట్టాలే. చాలామంది అవి ఫిరంగి గొట్టాలనుకుంటారు.

ఇంత సంపాదించినా ఆల్ఫ్రెడ్ చాలా ఏళ్లు కార్ఖానా ఆవరణలోనే ఉన్నాడు. 1861లో అక్కడే కొత్త ఇల్లు కట్టుకుని చుట్టూ తోట వేయించాడు. సరిగ్గా అదే ఏడు కార్ఖానాలో 50 టన్నుల ఆవిరి సుత్తి నడవడం మొదలైంది. దానికి ఫ్రిట్జ్ అని ముద్దుపేరు కూడా పెట్టారు. అది దిగినప్పుడల్లా నేల అదిరేది, ఇంట్లో అద్దాలు పగిలేవి, తోటలో పూల మీద మసి పేరుకునేది. సిరిసిల్లలో సాంచాల షెడ్డు పక్కగదిలో ఒక రాత్రి పడుకున్నవాళ్లకు ఇందులో పదో వంతు అర్థమవుతుంది. అసలు వింత ఏంటంటే, ఆ ఇంటిని వాయించింది వేరేవాళ్ల కార్ఖానా కాదు. ఆయన సుత్తి, ఆయన మసి.

దాంతో 1864లో ఊరికి దక్షిణంగా రూర్ నది లోయ మీద గుట్ట భూములు కొన్నాడు. ఎక్కడ కొన్నాడన్నది ముఖ్యం. ఆ దేశంలో ఎక్కువ రోజులు గాలి పడమర నుంచి, నైరుతి నుంచి వీస్తుంది, అంటే పొగ తూర్పుకూ ఈశాన్యానికీ పోతుంది. ఊరికి దక్షిణాన గుట్ట ఎక్కి కూర్చుంటే గాలి నది మీదుగా చల్లగా వస్తుంది, పొగ వేరేవాళ్ల నెత్తిన పడుతుంది. ఐరోపాలో చాలా పారిశ్రామిక నగరాల్లో ఉన్నవాళ్ల ఇళ్లు పడమర దిక్కున, లేనివాళ్ల బస్తీలు తూర్పున ఎందుకుంటాయో అడిగితే అందులో ఒక కారణం ఇదే. మన సింగరేణి ఊళ్లలో కూడా పెద్ద సార్ల బంగళాలు ఎటున్నాయో, దుమ్ము ఎటు పోతుందో ఒకసారి చూడండి. వాస్తు పండితుణ్ణి అడగక్కర్లేదు.

పని 1870లో మొదలైంది. నిప్పంటే ఆల్ఫ్రెడ్‌కు విపరీతమైన భయం, అందుకని ఇల్లు రాయి, ఉక్కు, గాజుతోనే ఉండాలని పట్టుబట్టాడు. నక్షాలు తనే గీశాడు. ఆర్కిటెక్టులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, పోయారు. ఆయన దృష్టిలో ఆర్కిటెక్టు అంటే తాను చెప్పింది శుభ్రంగా గీసిపెట్టే మనిషి, అంతే. రాయి ఫ్రాన్స్‌లోని షాంతిలీ నుంచి తెప్పించాలనుకున్నాడు. ఆ ఏడు జులైలోనే ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ (అప్పటి జర్మన్ రాజ్యాల్లో పెద్దది, ఎస్సెన్ అందులోదే) యుద్ధం మొదలైంది. ఆ యుద్ధంలో ప్రష్యా వాడిన ఫిరంగులు క్రుప్‌వే. పారిస్ దగ్గరి రాయి ఎస్సెన్‌లో గోడలకు కావాలి, ఎస్సెన్ ఉక్కు పారిస్ మీద పేలాలి. రెండూ ఒకే మనిషి ఆర్డర్ పుస్తకంలో ఉన్నాయి.

1873 జనవరిలో కుటుంబం కొత్తింట్లో చేరింది. 269 గదులు, ఉండటానికి వాడే స్థలం 8,100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 9,700 గజాలు. ఇంటికే సొంతంగా నీళ్ల పంపింగు, గ్యాసు ప్లాంటు. అప్పట్లో కొత్తగా అనిపించే వేడిగాలి ఏర్పాటు కూడా పెట్టించాడు, కానీ అది సరిగా పనిచేయక చలికాలంలో ఆయనే వణికిపోతూ ఫిర్యాదు ఉత్తరాలు రాసేవాడు. ఏడాది తిరగకుండానే మార్కెట్ కుప్పకూలింది, 1874లో కంపెనీ బ్యాంకుల దగ్గర 3 కోట్ల మార్కుల అప్పు చేయాల్సొచ్చింది. గృహప్రవేశం ఒక ఏడు, అప్పుపత్రం మరుసటి ఏడు. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక తోట. నాకైతే మేడకన్నా ఇదే ఆసక్తిగా అనిపించింది. పని మొదలయ్యేనాటికి ఆల్ఫ్రెడ్‌కు 58 ఏళ్లు. గుట్ట మీద చెట్లు లేవు. మొక్క నాటితే అది చెట్టయ్యేసరికి తానుండడు. మన ఊళ్లలో మామిడి నాటిన ముసలాయన పండు మనవడికి వదిలేస్తాడు, ఆయనకు ఆ తృప్తి చాలు. ఆల్ఫ్రెడ్‌కు చాలలేదు. ఎదిగిన చెట్లనే వేళ్లతో సహా తవ్వించి, బండ్ల మీద తెప్పించి గుట్ట మీద నాటించాడు. ఈమధ్య రోడ్డు వెడల్పు పేరుతో మర్రిచెట్లను క్రేనుతో లేపి వేరేచోట పెడుతున్నారు కదా, ఆ పనిని 150 ఏళ్ల కిందట క్రేన్లూ లారీలూ లేకుండా ఊహించుకోండి. మట్టిముద్ద విడిపోకూడదు, వేళ్లు ఎండకూడదు, నాటాక గాలికి పడకుండా ఆసరా కట్టాలి, ఏళ్ల తరబడి నీళ్లు పోయాలి. మా వాడు ఫోటోలో చూపించిన లావు చెట్లలో కొన్ని అలా వచ్చినవే అయ్యుండొచ్చు. కాలాన్ని కూడా ఆర్డర్ ఇచ్చి తెప్పించుకోవచ్చని నమ్మినవాడి తోట అది.

ఇంత తోట ఎందుకు అనడిగితే షోకు అని సరిపెట్టుకోవచ్చు. షోకు ఉంది కూడా. కానీ వ్యాపారం వైపు నుంచి చూడండి. ఫిరంగులు కొనేది ఎవరు? రాజులు, సుల్తానులు, మంత్రులు, సైన్యాధికారులు. వాళ్లను హోటల్లో దింపి కొటేషన్ చేతిలో పెట్టలేరు కదా, రాజు లాంటి మనిషిని రాజమర్యాదతో ఉంచే ఇల్లు కావాలి. జర్మనీ చక్రవర్తి కైజర్ రెండో విల్హెల్మ్ ఈ ఇంటికి మళ్లీ మళ్లీ వచ్చాడు. చైనా పెద్దమనిషి లీ హుంగ్‌చాంగ్ 1896లో ఐరోపా తిరిగినప్పుడు క్రుప్ అతిథిగా ఎస్సెన్ చూసిపోయాడు. వచ్చినవాళ్లకు పగలు కార్ఖానాలో నిప్పు, సుత్తి, ఫిరంగి చూపిస్తారు. సాయంత్రం గుట్ట మీద పచ్చిక, నది, సంగీతం. కార్ఖానా బలం చూపిస్తే తోట నమ్మకం కలిగిస్తుంది: వీళ్లు నిన్నమొన్న పుట్టినవాళ్లు కారు, రేపు మాయమయ్యేవాళ్లూ కారు అని. ఎదిగిన చెట్ల అవసరం ఇక్కడ ఇంకోసారి అర్థమవుతుంది. లేత మొక్కలు కొత్త డబ్బు అని చాడీ చెప్పేస్తాయి. మొదటి ప్రపంచయుద్ధం ముందర ఈ ఇంట్లో, తోటలో, గుర్రపుశాలల్లో కలిపి 600 మందికి పైగా పనిచేసేవారు. ఒక ఇంటికి! అది అప్పటికే ఇల్లు కాదు, కంపెనీలో ఒక డిపార్టుమెంటు.

బంగళా ఒక్కటే చూసి వచ్చేస్తే సగం కథే చూసినట్టు. మిగతా సగం కార్ఖానా చుట్టూ ఉంది. ఆ ఇల్లు లేస్తున్న రోజుల్లోనే, 1872లో, ఆల్ఫ్రెడ్ పనివాళ్లందరికీ వర్తించే ఒక నియమావళి తెచ్చాడు, మొత్తం 72 క్లాజులు. హక్కులేంటి, బాధ్యతలేంటి, ఆలస్యానికి ఏమిటి, ద్రోహానికి ఏమిటి, అన్నీ అందులో ఉన్నాయి. అదే కాలంలో పనివాళ్లకు కాలనీలు కట్టించాడు, కంపెనీ దుకాణం పెట్టించాడు, జబ్బు చేస్తే సాయానికి నిధి అంతకుముందే ఉంది. ఆ రోజుల్లో వేరే కార్ఖానాల కార్మికులు ఉన్న తీరుతో పోలిస్తే ఇవి చిన్న సంగతులు కావు, ఒప్పుకోవాలి. కానీ ఇల్లు కంపెనీది, ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. రాజకీయాలు మీకెందుకు, పని చూసుకోండి, ఇల్లు చూసుకోండి అని 1877లో ఆల్ఫ్రెడ్ పనివాళ్లను ఉద్దేశించి ఏకంగా ఒక చిన్న పుస్తకమే అచ్చువేయించి పంచాడు. గుట్ట మీది బంగళా, కింద క్వార్టర్లు, రెండూ ఒకే ఆలోచన: నేను తండ్రిని, మీరు పిల్లలు, ఇల్లంతా నాది.

ఇక్కడే మా వాడి గడి పోలిక పనికొస్తుంది, ఎక్కడ తెగిపోతుందో కూడా తెలుస్తుంది. గడి ఊరి నడుమ ఉంటుంది. ఎత్తైన గోడ, పెద్ద దర్వాజ, బురుజు. దొర ఆదాయం భూమి నుంచి, వెట్టి నుంచి. మనుషులు కళ్లెదుట ఉండాలి, భయం రోజూ కనపడాలి. అందుకే గోడ. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది దొరల ఇంటి ముందుగా ఊరేగింపు పోతున్నప్పుడే. మిల్లు యజమానికి ఆ దగ్గరితనం అక్కర్లేదు. ఆయన తరఫున గేటు, టైమాఫీసు, ఫోర్‌మన్, సైరన్ పని చేస్తాయి. కాబట్టి ఆయన దూరంగా పోయి, గోడ బదులు చెట్లు పెట్టుకోగలడు. గోడ లేదని మా వాడికి ముచ్చటేసింది గానీ, ఆ పచ్చికే గోడ. గేటు దగ్గర ఆపితే పనివాడికి కోపం వస్తుంది. కనుచూపు మేర పచ్చిక పరిచి పెడితే, అడుగు పెట్టకూడదని ఎవరూ చెప్పకుండానే ఆగిపోతాడు.

అందరూ ఇలా గుట్టలెక్కారని కాదు. పోలండ్‌లో వూచ్ అనే ఊరుంది, అది మనకు ఇంకా దగ్గరి చుట్టం, పత్తి మిల్లుల ఊరు. అక్కడ ఇజ్రాయెల్ పొజ్నాన్‌స్కీ అనే మిల్లు యజమాని తన భవంతిని మిల్లును ఆనుకునే కట్టాడు. ఒకవైపు ఇటుక గోడల మిల్లు, పక్కనే నాట్యశాల ఉన్న భవంతి, పనివాళ్ల ఇళ్లు వీధికి అవతల. పొగ పీల్చినా సరే, తన సామ్రాజ్యం కిటికీలోంచి కనపడాలనే రకం. ఇప్పుడా భవంతి ఊరి మ్యూజియం, మిల్లేమో 2006 నుంచి పెద్ద షాపింగ్ మాల్. ఇంగ్లండ్‌లో డెర్బీ ఊళ్లో ఇంకో దారి: జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని 1840లో ఒక తోట వేయించి ఊరికే రాసిచ్చేశాడు, చెట్లకు పేర్ల చీటీలతో సహా, జనం చూసి నేర్చుకోవాలని. దానం గొప్పదే. కాకపోతే మొదట్లో వారానికి రెండు రోజులే ఉచితం, మిగతా రోజులు టికెట్టు. నిర్వహణ ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుందనే ప్రశ్న దానంతో పాటే పుడుతుంది, ఇప్పటి మన పార్కుల కథా అదే.

సరే, ఎస్సెన్ బంగళా నిలిచింది ఎందుకు? బాంబులు పడలేదా అంటే, పడ్డాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఎస్సెన్ నేలమట్టమైంది, క్రుప్ కార్ఖానాల్లో చాలా భాగం కూలిపోయింది, గుట్ట మీది ఇల్లు మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. కానీ అసలు ముడి బాంబుల దగ్గర లేదు, కాగితాల దగ్గర ఉంది. దాన్ని కాస్త ఓపిగ్గా విప్పాలి.

ఆల్ఫ్రెడ్ బతికినంత కాలం కంపెనీ, ఇల్లు, తోట అన్నీ ఒక్క మనిషివి. వాటాలు లేవు, భాగస్వాములు లేరు. ఆయన కొడుకు ఫ్రీడ్రిష్ ఆల్ఫ్రెడ్ 1902లో చనిపోయాడు, మగపిల్లలు లేరు. పెద్ద కూతురు బెర్తాకు అప్పుడు 16 ఏళ్లు. 1903లో కంపెనీని వాటాల కంపెనీగా మార్చారు, కానీ నాలుగు వాటాలు తప్ప అన్నీ బెర్తా పేరునే ఉన్నాయి. 1906లో ఆమెకు గుస్టవ్ అనే దౌత్యాధికారితో గుట్ట మీది ఇంట్లోనే పెళ్లయింది, కైజర్ స్వయంగా వచ్చాడు. వచ్చి పెళ్లికొడుకు తన పేరు ముందు క్రుప్ అని చేర్చుకోవడానికి అనుమతిచ్చాడు. మనం ఇల్లరికం అంటామే, అచ్చం అదే, కాకపోతే చక్రవర్తి రాజముద్రతో. ఆ క్రుప్ పేరు కూడా పిల్లలందరికీ రాదు, కంపెనీ ఎవరికి దక్కితే వాళ్లకే.

తర్వాత వచ్చింది చీకటి కాలం. 1943లో హిట్లర్ ఈ ఒక్క కుటుంబం కోసం ప్రత్యేకంగా ఒక ఆదేశం ఇచ్చాడు: వాటాల కంపెనీ రద్దయి, ఆస్తి మళ్లీ ఒకే వారసుడికి, వారసత్వ పన్ను భారం లేకుండా పోవచ్చు అని. అలా గుస్టవ్, బెర్తాల కొడుకు ఆల్ఫ్రీడ్ ఏకైక యజమాని అయ్యాడు. అప్పటికి ఆ కార్ఖానాల్లో యుద్ధఖైదీలతో, పట్టితెచ్చిన విదేశీయులతో, కాన్సంట్రేషన్ క్యాంపుల ఖైదీలతో బలవంతంగా పని చేయిస్తున్నారు. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైనికులు వచ్చి ఆల్ఫ్రీడ్‌ను ఆ ఇంట్లోనే అరెస్టు చేశారు. 1948లో యుద్ధనేరాలు విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు 12 ఏళ్ల జైలు వేసి ఆస్తి జప్తు చేయమంది. 1951లో అమెరికన్ అధికారులే వదిలేశారు, ఆస్తీ తిరిగిచ్చారు. ఎందుకంటే అప్పటికి ప్రచ్ఛన్నయుద్ధం మొదలైంది, పశ్చిమ జర్మనీ తమ వైపు నిలబడాలి. న్యాయం కన్నా అవసరం ముందు నడిచింది, నా లెక్కలో దీనికి వేరే పేరు లేదు. ఆ మధ్యకాలంలో గుట్ట మీది ఇంట్లో మిత్రరాజ్యాల బొగ్గు నియంత్రణ ఆఫీసు నడిచింది. 1952లో ఇల్లు కుటుంబానికి తిరిగొచ్చింది. కానీ వాళ్లు మళ్లీ అందులో కాపురం పెట్టలేదు. 1953 నుంచి జనానికి తెరిచారు, పెద్ద పెద్ద కళా ప్రదర్శనలు పెట్టారు. పేరు మీద పడ్డ మసిని కడుక్కునే ప్రయత్నం అందులో ఎంత, నిజమైన ఇష్టం ఎంత అన్నది ఎవరికి వాళ్లు అనుకోవాల్సిందే.

చివరి ముడి 1966లో పడింది. ఆల్ఫ్రీడ్ ఒక్కగానొక్క కొడుకు ఆర్న్‌ట్ వారసత్వం వదులుకున్నాడు, బదులుగా ఏటా భత్యం తీసుకునే ఒప్పందం. 1967లో ఆల్ఫ్రీడ్ చనిపోయాడు, 1968 నుంచి ఆస్తి మొత్తం ఒక ఫౌండేషన్ చేతిలోకి వెళ్లింది. ఫౌండేషన్ అంటే మనకు తెలియనిదేం కాదు, గుడి మాన్యం లాంటిది. భూమి దేవుడి పేరున ఉంటుంది, పూజారి దాని మీద వచ్చేది ఖర్చు పెట్టాలే గానీ భూమిని అమ్ముకోవడానికి లేదు, పంచుకోవడానికి కొడుకులూ లేరు. (మన దగ్గర మాన్యాలకు ఏమైందో మనకు తెలుసు, అది వేరే కథ.) క్రుప్ 1999లో థిస్సెన్ అనే ఇంకో ఉక్కు కంపెనీతో కలిసిపోయింది, అందులో ఈ ఫౌండేషన్‌కు దాదాపు 21 శాతం వాటా ఉంది. దాని మీద వచ్చే డబ్బు చదువులకు, వైద్యానికి, కళలకు పోతుంది. ఇల్లు, దాని చుట్టూ ఇప్పుడున్న 28 హెక్టార్ల తోట, అంటే దాదాపు 70 ఎకరాలు, ఫౌండేషన్ చూసుకుంటుంది. ఒకప్పటిలా వందల మంది తోటమాలులు లేరు, పూలమడులు తగ్గించి పచ్చిక, చెట్లు ఎక్కువ ఉండేలా మార్చారు. పాత ఇంట్లోనే ఒక భాగంలో కంపెనీ పాత కాగితాల భాండాగారం ఉంది. మా వాడు టికెట్టు కొని లోపలికి పోయాడు. గుట్ట కింద హ్యూగెల్ పేరుతోనే లోకల్ రైలు స్టేషన్ ఉందట, అక్కడ దిగి నడిచాడు.

ఇప్పుడు మన మిల్లు. ఆజంజాహి మిల్లు 1934లో మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టాడు. చుట్టూ పత్తి పండే నేల, పక్కనే రైల్వే లైను, అందుకే వరంగల్. అదే కాలంలో నిజాం సర్కారు పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి ట్రస్టు నిధి పెట్టింది, రాజ్యం అండతో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, సిర్పూరులో కాగితం మిల్లు వచ్చింది. అంటే ఈ మిల్లుల వెనక ఉన్నది ఒక ఆల్ఫ్రెడ్ కాదు, రాజ్యం. రాజ్యానికి ఇల్లు హైదరాబాద్‌లో ఉంది. యువరాజుకు వరంగల్‌లో ఉన్నది పేరొక్కటే. ఇక్కడ కాపురం ఉండి, అతిథులను పిలిచి, ఎదిగిన చెట్లు తెప్పించి నాటించుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. మా తాత కథల్లో ఓనరు ఇల్లు లేకపోవడానికి కారణం తాత మతిమరుపు కాదన్నమాట.

బదులుగా మనకు ఇంకో రకం బంగళా ఉంది. సింగరేణి ఊళ్లకు పోతే జీఎం బంగళా అంటారు. చుట్టూ వేప, గుల్‌మొహర్, ముందు చిన్న లాను, గేటు దగ్గర సెక్యూరిటీ. చూడటానికి హ్యూగెల్‌కు బుల్లి తమ్ముడిలాగే ఉంటుంది, లోపల ఉన్న సంబంధం మాత్రం వేరు. ఆ ఇల్లు మనిషిది కాదు, కుర్చీది. బదిలీ అయితే సామాను లారీకెక్కుతుంది, కొత్త సారు వస్తాడు. ఆయన నాటిన చెట్టు కింద ఆయన కూతురు పెళ్లి జరగదు. అలాంటి ఇంటి చరిత్రను ఎవరూ రాసి పెట్టుకోరు, పోయినా ఎవరిదీ ఏదీ పోయినట్టనిపించదు. సింగరేణి ఇంకా నడుస్తోంది, 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది, కాబట్టి బంగళాలూ నిలబడ్డాయి. మిల్లు ఆగితే?

మిల్లు ఆగింది. 1974లో దేశంలో నష్టాల్లో ఉన్న బట్టల మిల్లులతో పాటు ఇదీ జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. ఢిల్లీకి ఇది తన కింద ఉన్న వందకు పైగా మిల్లుల్లో ఒకటి. పాత యంత్రాలు పాతవిగానే ఉన్నాయి, పవర్‌లూముల బట్ట చవకగా వచ్చింది, నష్టాలు పేరుకున్నాయి. 2002లో మూసేశారు, ఉన్నవాళ్లకు వీఆర్ఎస్ ఇచ్చారు. ఆ తర్వాత మిగిలింది భూమి. ఊరు పెరిగి మిల్లు చుట్టూ చేరింది కాబట్టి అది బంగారం లాంటి భూమి. యంత్రాలు పోయాయి, షెడ్లు పోయాయి. కొంత భూమిని కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) తీసుకుని లేఅవుట్ వేసి ప్లాట్లు వేలం వేసింది. మాకూ కొంత జాగా ఇవ్వండని పాత కార్మికులు ఏళ్ల తరబడి అడుగుతూ, ధర్నాలు చేస్తూ వచ్చారు. మా తాత అప్పటికే లేడు, ఉంటే ఆయనా ఆ టెంటు కింద కూర్చునేవాడు. మిల్లు గ్రౌండ్‌గా అందరికీ తెలిసిన చోట రాజకీయ సభలు జరిగాయి.

నష్టాలొచ్చి కార్ఖానా ఆగినంత మాత్రాన అన్నీ చెదిరిపోతాయని కాదు. వూచ్‌లో మిల్లులు ఆగిపోయాయి, క్రుప్ కూడా అప్పుల్లో మునిగి తేలింది. తేడా ఎక్కడంటే అమ్మకం కాగితం మీద సంతకం పెట్టేవాడి దగ్గర. క్రుప్ ఆస్తికి మొదట అమ్మకూడదనుకున్న కుటుంబం ఉంది, తర్వాత పంచుకోవడానికి వారసులు లేని ఫౌండేషన్ వచ్చింది. పొజ్నాన్‌స్కీ భవంతిని ఊరు తన మ్యూజియంగా తీసుకుంది. మన మిల్లు రాజ్యం నుంచి సంస్థకు, సంస్థ నుంచి ఫైలుకు మారింది. ఫైలులో చెట్లకు కాలమ్ ఉండదు, గజానికి రేటు ఉంటుంది. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేను జర్మన్ దొరకు హారతి పట్టినట్టవుతుంది. అక్కడ నిలిచింది యజమాని ఇల్లు. ఆ గుట్టకు డబ్బు మోసిన వేలమంది బతికిన తొలినాటి కాలనీల్లో చాలా భాగం ఎస్సెన్‌లోనూ ఇప్పుడు లేదు. వాళ్లలో ఎవరి గది ఎలా ఉండేదో చూడాలంటే మా వాడికి టికెట్టు దొరకదు.

మొన్న పని మీద గీసుగొండ వైపు వెళ్లినప్పుడు మెగా టెక్స్‌టైల్ పార్కు మీదుగా వచ్చాను. 2017లో శంకుస్థాపన చేశారు, 1,200 ఎకరాలకు పైగా భూమి. ఆజంజాహి మిల్లు పోయిన ఊరికి మళ్లీ బట్టల పని తెచ్చేది ఇదేనని అప్పట్లో గట్టిగా చెప్పారు. ఇప్పుడు కొరియా కంపెనీ షెడ్లు కనిపిస్తున్నాయి, వెడల్పాటి రోడ్లు, మధ్యలో పత్తి చేలు మిగిలిన గుర్తులు. మన దగ్గర పార్కు అనే మాటకు అర్థం మారిపోయింది గదా అనిపించింది. ఒకప్పుడు కార్ఖానా నుంచి తప్పించుకోవడానికి పార్కు వేసుకునేవాళ్లు, ఇప్పుడు కార్ఖానానే పార్కు. దీని ఓనర్లు సియోల్లో ఉన్నా, ముంబైలో ఉన్నా, ఇక్కడ బంగళా కట్టరు. వీడియో కాల్ ఉండగా గుట్ట ఎక్కాల్సిన పని లేదు.

రోడ్డు పక్కన వరసగా నాటిన మొక్కలు కనిపిస్తే బండి ఆపి ఒక ఫోటో తీశాను. ఇంకా నడుము ఎత్తు కూడా లేవు, కొన్నిటికి ట్రీగార్డులు విరిగి ఉన్నాయి. మా వాడికి పంపిస్తే, "మామా, గివి ఎవరి పేరున ఉన్నయో కనుక్కో" అని రాశాడు.